గుబులుకి జెముడు మందవుతుందా?

1935లో పారిస్‌లోని సెయింట్ ఆన్ మానసిక ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నిండని ఓ తత్వశాస్త్ర ఉపాధ్యాయుడు, కొన్ని జెముడు మొక్కల్లో ఉండే మెస్కలిన్ అనే పదార్థాన్ని ఇంజెక్షన్ చేయించుకున్నాడు. ఆయన పేరు జాన్ పాల్ సార్త్ర్. అప్పటికింకా ప్రపంచానికి పెద్దగా తెలియని మనిషి. ఊహాశక్తి మీద పుస్తకం రాస్తూ, భ్రాంతి అంటే ఎలా ఉంటుందో తానే చూడాలనుకున్నాడు. పాత స్నేహితుడు డాక్టర్ డానియల్ లగాష్ ఆ ఏర్పాటు చేశాడు. మందు ఒంట్లోకి వెళ్లాక సార్త్ర్‌కి గొడుగులు రాబందుల్లా, బూట్లు అస్థిపంజరాల్లా కనిపించాయి. మందు కొన్ని గంటల్లో దిగిపోయింది. కానీ పీతలు దిగిపోలేదు. వీధిలో నడుస్తుంటే వెనకే పీతలు, పాఠం చెబుతుంటే తరగతిలో పీతలు. అవి నిజం కాదని తెలుసు. అయినా వచ్చేవి. మతి పోతోందేమోనన్న భయంతో ఆ ఏడాది ఆయన బాగా కుంగిపోయాడు. ఆ పీతల సంగతి ముసలితనంలో కూడా చెప్పుకున్నాడు.

ఆ మెస్కలిన్ పేరే ఇప్పుడు ఆందోళన రుగ్మతల చికిత్స గురించి జరిగే చర్చల్లో వినిపిస్తోంది. ఒకరికి ఏళ్ల తరబడి భయాన్ని అంటగట్టిన పదార్థం మరొకరి భయాన్ని ఎలా తీసేస్తుంది? ఈ ప్రశ్నని పక్కన పెట్టి మెస్కలిన్ గొప్పదనాన్ని పొగిడే రాతలు ఈమధ్య చాలా వస్తున్నాయి. నా దృష్టిలో ఈ పరిశోధనకి గుండెకాయ ఆ ప్రశ్నే. మెస్కలిన్ విషయంలో మందంటే గుళికలో ఉన్న రసాయనం ఒక్కటే కాదు. మింగే మనిషి స్థితి, ఆ గది, పక్కన కూర్చున్నవాళ్లు, మర్నాటి మాటలు కూడా ఆ మోతాదులో భాగమే. ఇది అర్థమైతే ఇప్పటిదాకా తేలినదేమిటో, తేలనిదేమిటో విడివిడిగా కనిపిస్తాయి.

ముందు రోగం సంగతి. పరీక్ష ముందు, ఇంటర్వ్యూ ముందు, ఆపరేషన్ థియేటర్ బయట గుండె దడదడలాడటం జబ్బు కాదు. కారణం తీరిపోయినా దడ తీరకపోతే, కారణమే లేకుండా నెలల తరబడి ఏదో కీడు జరగబోతోందన్న గుబులు ఉంటే, ఆ గుబులు వల్ల నిద్ర, తిండి, ఉద్యోగం దెబ్బతింటుంటే అప్పుడది రుగ్మత. మన ఊళ్లలో ఇది ముందుగా మనోవైద్యుడి దగ్గరికి చేరదు. గుండెపోటేమోనని ఈసీజీ తీయించుకుంటారు, గ్యాస్ అనుకొని మాత్రలు మింగుతారు, థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటారు. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక ఇంట్లోవాళ్లు ‘ఊరికే కంగారు పడుతున్నావు’ అంటారు. ఊరికే పడే కంగారే ఆ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 30 కోట్లమందికి పైగా ఆందోళన రుగ్మతలతో బతుకుతున్నారు. మన దేశంలో 2017లో దాదాపు 4.5 కోట్లమంది ఉన్నారని లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

చికిత్స లేదని కాదు. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు చాలామందికి పనిచేస్తాయి. భయపడే విషయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా బాగా పనిచేస్తుంది. కానీ ఈ మందులు పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, రోజూ వేసుకోవాలి, కొందరిలో ఎంతకీ పట్టుకోవు. థెరపీ చెయ్యగల సైకాలజిస్టు జిల్లా కేంద్రంలో కూడా దొరకడం కష్టం. ఈ ఖాళీలోకి అల్ప్రాజొలామ్ అనే మాత్ర వచ్చి కూర్చుంది. గంటలో దడ తగ్గుతుంది. తర్వాత అది లేకుండా ఉండలేని స్థితి వస్తుంది. ఒకటి రెండుసార్లు తీసుకుంటే నెలల తరబడి పనిచేసే మందు అన్న మాట వినపడితే జనం చెవులు రిక్కించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మొక్క. జెముడు అనగానే మనకి గట్టు మీది నాగజెముడు, దాని ముళ్లు గుర్తొస్తాయి. మెస్కలిన్ ఉన్న జెముళ్లలో పేరుమోసిన పెయోటీకి ముళ్లుండవు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం దక్షిణపు అంచున, మెక్సికో ఉత్తర భాగపు ఎడారిలో, తుప్పల నీడన, నేలకి అతుక్కుని బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. గుండ్రని తల, దాని మీద పాయలు, పాయల మధ్య చిన్న తెల్లటి దూది కుచ్చులు. కింద ముల్లంగిలాంటి లావాటి వేరు. కోత తెలిసినవాళ్లు వేరు జోలికి పోరు. తల వరకూ నేలమట్టంగా కోసి, వేరుని మట్టిలో వదిలేస్తారు. అలా చేస్తే మళ్లీ తలలు వేస్తుంది. లోతుగా కోసినా, పెకలించినా మొక్క పోయినట్టే. కోసిన తలలు ఎండితే గోధుమ రంగు బిళ్లలవుతాయి. చేదు భరించడం కష్టం, తిన్నవాళ్లలో చాలామందికి వాంతి వస్తుంది.

రియో గ్రాండే నది దగ్గర షుమ్లా గుహల్లో దొరికిన పెయోటీ నమూనాలు సుమారు 5700 ఏళ్ల కిందటివని రేడియోకార్బన్ పరీక్షల్లో తేలింది. అన్నేళ్ల తర్వాత కూడా వాటిలో మెస్కలిన్ మిగిలే ఉంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో మెస్కలిన్ ఉన్న మరో జెముడు, శాన్ పెడ్రో, స్తంభంలా నిలువుగా పెరుగుతుంది. పెరూలోని చావిన్ దె వాంతార్ ఆలయంలో సుమారు 3000 ఏళ్ల కిందటి రాతి శిల్పం ఒకటి ఆ జెముడు కాండాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుంది. ఉత్తర పెరూ వైద్యులు ఇప్పటికీ రాత్రిపూట కర్మల్లో దాని కషాయం వాడతారు.

ఇక్కడ మన పాఠకులకి ఒక హెచ్చరిక అవసరం. మన పొలాల గట్ల మీద స్తంభాల్లా పెరిగే బొంతజెముడు చూపుకి శాన్ పెడ్రోలా ఉంటుంది కానీ అది అసలు జెముడు కుటుంబానిదే కాదు. గీరితే పాలు కారుతాయి. ఆ పాలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దానిలో మెస్కలిన్ లేదు.

పెయోటీలో మనసుని కదిలించేది ఏ పదార్థమో తేల్చినవాడు లైప్‌జిగ్‌లో పనిచేసిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ హెఫ్టర్. 1890లలో ఆయన ఆ మొక్క నుంచి ఒక్కటి కాదు, నాలుగైదు ఆల్కలాయిడ్లు వేరుచేశాడు. జంతువుల మీద వాడితే ఏది భ్రాంతులు తెస్తోందో తెలియదు. జంతువు చెప్పలేదుగా. అందుకని ఒక్కొక్కటే తాను మింగి చూశాడు. 1897 నవంబర్ 23న 150 మిల్లీగ్రాముల మెస్కలిన్ తీసుకున్నప్పుడు కళ్లు మూసుకుంటే రంగురంగుల తివాచీల నమూనాలు కనిపించాయి, కడుపులో తిప్పింది. మిగతా ఆల్కలాయిడ్లతో అలా జరగలేదు. 1919లో వియన్నాలో ఎర్నెస్ట్ స్పేత్ ఈ పదార్థాన్ని మొక్క అవసరం లేకుండా ప్రయోగశాలలోనే తయారుచేశాడు. రసాయనంగా ఇది చాలా చిన్న అణువు. మన ఒంట్లోనే తయారయ్యే డోపమిన్, అడ్రినలిన్‌లకి దగ్గరి బంధువు.

తర్వాతి యాభై ఏళ్ల చరిత్ర గర్వపడేది కాదు. హైడెల్‌బర్గ్‌లో కుర్ట్ బెరింగర్ వైద్యులకీ విద్యార్థులకీ దీన్ని ఇచ్చి, ఉన్మాదాన్ని లోపలి నుంచి అర్థం చేసుకోవచ్చనుకున్నాడు. డాకావ్ నిర్బంధ శిబిరంలో నాజీ వైద్యులు ఖైదీలకి చెప్పకుండా తాగించి, నిజాలు కక్కించవచ్చేమోనని చూశారు. యుద్ధం అయ్యాక అమెరికా నావికాదళం కూడా అదే దారి పట్టింది. 1953 మే నెలలో హంఫ్రీ ఆస్మండ్ అనే మనోవైద్యుడు లాస్ ఏంజెలెస్‌లో రచయిత ఆల్డస్ హక్స్‌లీకి 400 మిల్లీగ్రాములు ఇచ్చాడు. హక్స్‌లీకి పూలగుత్తి సాక్షాత్తూ దైవదర్శనంలా అనిపించింది. నాజీ శిబిరంలో హింసకి పనికొచ్చినది, హక్స్‌లీకి ఆనందం ఇచ్చినది, సార్త్ర్‌ని పీతలతో వేధించినది ఒకటే అణువు. దీన్ని ఒట్టి రసాయనంగా చూస్తే మనకి ఏమీ అర్థం కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇంకో వాడకం కూడా ఉంది, అది వీటన్నిటికన్నా పాతది, పద్ధతైనది. అమెరికా మూలవాసుల్లో లక్షలమందికి పెయోటీ మందు, ప్రార్థన. 1918లో ఓక్లహోమాలో వాళ్లు నేటివ్ అమెరికన్ చర్చిని రిజిస్టర్ చేసుకున్నారు. చట్టాలతో దశాబ్దాలు పోరాడాక, 1994లో అమెరికా కాంగ్రెస్ వాళ్ల హక్కుని దేశమంతటా గుర్తించింది. ఆ ప్రార్థన సూర్యాస్తమయం తర్వాత మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. గుండ్రని గుడారంలో అందరూ నేల మీద వలయంగా కూర్చుంటారు. మధ్యలో నెలవంక ఆకారంలో మట్టితో తీర్చిన వేదిక, దాని ముందు నిప్పు. ఆ నిప్పుని చూసుకోవడానికే ఒక మనిషి ఉంటాడు. నడిపించే పెద్దని రోడ్‌మన్ అంటారు. నీళ్లు పోసి తోలు బిగించిన డప్పు, సొరబుర్ర గిలక చేతులు మారుతుంటాయి. ఒక్కొక్కరు నాలుగేసి పాటలు పాడతారు. అర్ధరాత్రి ఒకసారి నీళ్లు వస్తాయి. తెల్లవారుజామున ఒక స్త్రీ నీళ్లు తెచ్చి ప్రార్థిస్తుంది. తర్వాత మొక్కజొన్న, మాంసం, పండ్లతో అందరూ కలిసి తింటారు. చాలాసార్లు ఆ రాత్రి ఎవరో ఒకరి కోసం జరుగుతుంది: జబ్బు మనిషి కోసం, తాగుడు మానాలనుకునేవాడి కోసం, బిడ్డని పోగొట్టుకున్న తల్లి కోసం. ఎవరూ ఒంటరిగా భయపడరు.

ఈ వాడకం మెదడుని పాడుచేస్తుందా అని హార్వర్డ్ అనుబంధ మెక్లీన్ ఆసుపత్రికి చెందిన జాన్ హాల్పెర్న్ బృందం పరిశీలించింది. ఫలితాలు 2005లో వచ్చాయి. కనీసం వందసార్లు పెయోటీ తీసుకున్న నవాహో చర్చి సభ్యులు 61 మంది, ఒకప్పుడు బాగా తాగి మానేసినవాళ్లు 36 మంది, రెండూ దాదాపు ఎరగనివాళ్లు 79 మందికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. పెయోటీ వాడినవాళ్లలో లోపమేదీ కనిపించలేదు. మానసిక ఆరోగ్యపు ప్రశ్నావళిలో వాళ్ల స్థితి బాగానే ఉంది. అయితే ఇది పెయోటీ బాగుచేసిందనడానికి సాక్ష్యం కాదు. క్రమం తప్పకుండా ప్రార్థనకి వెళ్లే మనిషికి సంఘం ఉంది, పెద్దలున్నారు, తాగుడికి దూరంగా ఉండే నియమం ఉంది. ఆ మేలులో జెముడు వాటా ఎంతో ఈ అధ్యయనం విడదీయలేదు, విడదీస్తానని చెప్పనూ లేదు.

ఆందోళన గురించి నేరుగా అడిగిన అధ్యయనం 2021లో వచ్చింది. గాబ్రియెల్ ఏగిన్ లీబెస్, ఆలన్ డేవిస్ తదితరులు ఇంటర్నెట్ ద్వారా మెస్కలిన్ వాడినవాళ్లని ప్రశ్నించారు. 452 మంది జవాబిచ్చారు. తమకి అంతకుముందు కుంగుబాటు, ఆందోళన, గాయపు జ్ఞాపకాలు వేధించే పీటీఎస్‌డీ, మద్యం, మత్తుమందుల సమస్యలున్నాయని చెప్పినవాళ్లలో అత్యధికులు, సమస్యని బట్టి 68 నుంచి 86 శాతం వరకు, ఆ అనుభవం తర్వాత మెరుగయ్యామన్నారు. ఈ అంకెలు పట్టుకుని ‘జెముడుతో ఆందోళన మాయం’ అని వార్తలు రాయడం సులువు. అసలు సంగతి వేరు. ఇవి తమ అనుభవాల్లో మరపురానిదాన్ని తల్చుకుని ఇచ్చిన జవాబులు. చెడు అనుభవం పొంది మళ్లీ ఆ మాటే ఎత్తనివాళ్లు ఇలాంటి సర్వేకి వచ్చే అవకాశం తక్కువ. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు. డాక్టర్ నిర్ధారించిన జబ్బా, తాము అనుకున్నదా తెలియదు. సార్త్ర్ లాంటివాడు ఆ సర్వేలో ఉండుంటే ఏం రాసేవాడు? అయినా ఈ సర్వేని కొట్టిపారెయ్యను. ఇంతమంది ఒకే మాట చెబుతుంటే అది పరీక్షించి చూడాల్సిన సంకేతం. అంతవరకే.

అసలు పరీక్ష మొదలుపెట్టినవాళ్లు స్విట్జర్లాండ్‌లో ఉన్నారు. బాసెల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మథియాస్ లీక్టి బృందం ఆరోగ్యవంతులైన 32 మందిని, 16 మంది స్త్రీలు, 16 మంది పురుషులని, తీసుకుంది. ఒక్కొక్కరూ వేర్వేరు రోజుల్లో ఆసుపత్రికి వచ్చి ఒకరోజు మెస్కలిన్, ఒకరోజు ఎల్‌ఎస్‌డీ, ఒకరోజు పుట్టగొడుగుల్లో దొరికే సైలోసైబిన్, ఒకరోజు ఉత్త గుళిక మింగారు. ఏ రోజు ఏది ఇచ్చారో మింగినవాళ్లకీ, పక్కన కూర్చున్న పరిశోధకులకీ తెలియదు. మెస్కలిన్ మోతాదు మొదటి 16 మందికి 300 మిల్లీగ్రాములు. అది తక్కువగా ఉందనిపించి తర్వాతి 16 మందికి 500 చేశారు. నిశ్శబ్దమైన ఆసుపత్రి గది, మంచం, సంగీతం, పక్కనే ఒక పరిశోధకుడు, మధ్యమధ్య రక్తపు నమూనాలు, బీపీ లెక్క, ప్రశ్నావళులు. ఈ ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి.

నాకు ఈ అధ్యయనంలో ఆసక్తి కలిగించింది ఒక నమ్మకం పడిపోవడం. మెస్కలిన్ మృదువుగా ఉంటుందని, హృదయానికి సంబంధించిందని, ఎల్‌ఎస్‌డీ లాంటి కృత్రిమ పదార్థాలది వేరే ప్రపంచమని ఇన్నేళ్లుగా వాడినవాళ్లు చెబుతూ వచ్చారు. ఏది మింగారో తెలియకుండా సమాన బలంతో ఇచ్చేసరికి, అనుభవం తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా వచ్చింది సమయంలో, మోతాదులో. సైలోసైబిన్ ప్రభావం సగటున 4.9 గంటలు, ఎల్‌ఎస్‌డీది 8.2 గంటలు, మెస్కలిన్‌ది 11.1 గంటలు. ఇక బలం చూస్తే, 500 మిల్లీగ్రాముల మెస్కలిన్ చేసే పని ఎల్‌ఎస్‌డీ 0.1 మిల్లీగ్రాముతో చేస్తుంది. అంటే 5000 రెట్ల తేడా. 1943లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎల్‌ఎస్‌డీ శక్తిని కనుక్కున్నాక శాస్త్రవేత్తలు మెస్కలిన్‌ని ఎందుకు వదిలేశారో ఈ ఒక్క అంకెతో తెలుస్తుంది.

అదే బృందం 2024లో మరో అధ్యయనం ప్రచురించింది. ఈసారి 16 మందికి 100 నుంచి 800 మిల్లీగ్రాముల దాకా వేర్వేరు మోతాదులు ఇచ్చారు. మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం ఆరు గంటల చిల్లర నుంచి పద్నాలుగు గంటల దాకా సాగింది. పై మోతాదులో కడుపు తిప్పడం ఎక్కువైంది. ఒకరోజు 800 మిల్లీగ్రాములతో పాటు కెటాన్సెరిన్ అనే మందు కూడా ఇచ్చారు. ఇది మెదడు కణాల మీద ఉండే 5-హెచ్‌టీ2ఏ అనే సెరటోనిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. ఆ రోజు మెస్కలిన్ ప్రభావం బాగా తగ్గిపోయింది. హెఫ్టర్ తివాచీలు చూసిన 127 ఏళ్ల తర్వాత, మెస్కలిన్ మెదడులో ముఖ్యంగా ఏ తలుపు తడుతుందో మనుషుల్లో స్పష్టంగా తేలింది.

ఆ గ్రాహకం మెదడు పైపొరలో, ముఖ్యంగా దూరపు భాగాలకి సంకేతాలు పంపే పెద్ద కణాల మీద దట్టంగా ఉంటుంది. అది ఉత్తేజితమైతే భయం ఎందుకు సడలాలి? దీనికి సమాధానం ముక్కలుగానే దొరుకుతోంది, ఆ ముక్కలు కూడా ఎక్కువగా మెస్కలిన్ బంధువుల నుంచి. ఆందోళన రుగ్మతలో మనసు బండి చక్రాల గాడిలో పడినట్టు ఒకే దారిలో తిరుగుతుంది: ఫోన్ మోగితే చెడువార్తే, పిల్లాడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ప్రమాదమే. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో డేవిడ్ ఓల్సన్ బృందం ఈ జాతి పదార్థాలు నాడీకణాల్లో కొత్త కొమ్మలు, కొత్త జంక్షన్లు పెంచుతాయని ప్రయోగశాలలో చూపించింది. అందులో డీఓఐ అనేది మెస్కలిన్‌కి రసాయనంగా దగ్గరి చుట్టం. ఎలుకల్ని భయపడేలా చేసి, తర్వాత ప్రమాదం లేదని నేర్పితే, డీఓఐ ఇచ్చిన ఎలుకలు ఆ భయాన్ని త్వరగా వదులుకున్నాయని 2021లో ఒక అధ్యయనం చూపింది. జ్యూరిక్‌లో సైలోసైబిన్ ఇచ్చిన మనుషుల్లో భయాన్ని పసిగట్టే అమిగ్డలా చెడు దృశ్యాలకి తక్కువగా స్పందించింది. వీటిని కలిపి చూస్తే ఒక ఊహ నిలబడుతుంది: ఈ పదార్థం కొంతకాలం పాత దారిని వదులు చేస్తుంది, ఆ సమయంలో మనిషి కొత్తగా నేర్చుకోగలడు. ఏం నేర్చుకుంటాడన్నది పక్కనున్న పరిస్థితి నిర్ణయిస్తుంది. గుడారంలో పాట వింటే ధైర్యం నేర్చుకోవచ్చు. ఎవరికీ పట్టని ఆసుపత్రి గదిలో పడుకుంటే భయాన్నే ఇంకా గట్టిగా నేర్చుకోవచ్చు. సార్త్ర్ పీతల్ని నేను ఇలాగే అర్థం చేసుకుంటాను.

రోగుల్లో ట్రయల్స్ జరిగింది మెస్కలిన్‌కి బంధువులైన ఈ పదార్థాలతోనే. 2016లో జాన్స్ హాప్‌కిన్స్‌లో రోలండ్ గ్రిఫిత్స్ బృందం, ప్రాణాంతక క్యాన్సర్‌తో భయం, కుంగుబాటు అనుభవిస్తున్న 51 మందికి సైలోసైబిన్ ఇచ్చింది. ఆరు నెలల తర్వాత కూడా దాదాపు 80 శాతం మందిలో ఆ రెండూ బాగా తగ్గి ఉన్నాయి. 2025లో జామా పత్రికలో వచ్చిన మరో ట్రయల్ నేరుగా జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అనే ఆందోళన రుగ్మత మీద జరిగింది. అమెరికాలోని మైండ్‌మెడ్ కంపెనీ 198 మంది రోగుల్ని తీసుకుని, నాలుగు మోతాదుల్లో ఎల్‌ఎస్‌డీ గానీ ఉత్త గుళిక గానీ ఒక్కసారే ఇచ్చింది. 100 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లలో పన్నెండు వారాల తర్వాత 65 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల ఉంది, 48 శాతం మంది రోగ లక్షణాలు దాదాపు లేని స్థితికి చేరారు. ఈ ట్రయల్‌లో సైకోథెరపీ ఏమీ లేదు. కనిపెట్టుకుని ఉండే సిబ్బంది మాత్రం ఉన్నారు. చుట్టూ ఉన్న పరిస్థితే ప్రధానమన్న నా అభిప్రాయానికి ఇది కొంచెం అడ్డం తగులుతుంది, ఆ మాట దాచను. రసాయనం ఒక్కటే కూడా చాలా పని చెయ్యగలదేమో. అయితే ముందుగా నమ్మకం కలిగించే గది, పక్కన మనిషి ఉన్నారంటే సంరక్షణ అసలు లేదనలేం.

ఈ ట్రయల్స్ అన్నిటినీ ఒక చిక్కు వెంటాడుతోంది. ఉత్త గుళిక మింగినవాడికి కాసేపట్లోనే తెలిసిపోతుంది తనకి అసలు మందు దక్కలేదని. అసలుది మింగినవాడికీ తెలిసిపోతుంది. ఆశ, నిరాశ రెండూ లెక్కల్లోకి దూరిపోతాయి. ఆందోళన రోగంలో ఆశే సగం మందు కాబట్టి ఈ చిక్కు ఇంకా పెద్దది. మెస్కలిన్ రసాయన కుటుంబానికే చెందిన ఎండీఎంఏని పీటీఎస్‌డీ చికిత్సకి అనుమతించడానికి 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. అప్పుడు లేచిన అభ్యంతరాల్లో ఇదీ ఒకటి. ఆ నిర్ణయం చాలామందికి కోపం తెప్పించింది. నాకు మాత్రం సరైనదే అనిపించింది. బలహీనమైన సాక్ష్యంతో బయటికొచ్చిన మందు ముందుగా మోసం చేసేది రోగినే.

మెస్కలిన్ ప్రమాదాలు తక్కువేం కాదు. బీపీ, గుండె వేగం పెరుగుతాయి. స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లని, అవి దగ్గరి రక్తసంబంధీకుల్లో ఉన్నవాళ్లని ట్రయల్స్‌లోకి తీసుకోరు. లిథియం వాడేవాళ్లలో ఈ తరహా పదార్థాలతో ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి. తీసుకున్న రోజు తీవ్రమైన కంగారు కలగడం బాగా తెలిసిన దుష్ప్రభావం. ఆందోళన రోగికి పన్నెండు గంటలపాటు ఆ స్థితి దిగకపోతే ఏమవుతుందో ఊహించండి. మెస్కలిన్ 1971 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధం. ఆందోళనతో ఇప్పుడు బాధపడుతున్నవాళ్లకి దారి మనోవైద్యుడి దగ్గరుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకి ఫోన్ చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

ఈ విషయం రాసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది మొక్కని. విత్తనం నుంచి పెయోటీ కోతకి రావడానికి పదేళ్లకి పైగా పడుతుంది. పశువుల మేత, దున్నకం, దొంగ కోతల వల్ల అది తగ్గిపోతోంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని ముప్పులో ఉన్న జాతిగా నమోదు చేసింది. 2019లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరం మొక్కల నుంచి వచ్చే ఇలాంటి పదార్థాల వాడకం మీద పోలీసు చర్యలని సడలించింది. ఆ తర్వాత మూలవాసుల చర్చి పెద్దలు ఇలా సడలించే మొక్కల జాబితాల్లో పెయోటీని చేర్చొద్దని అడిగారు. ఎవరికివారు పెరట్లోకి తెచ్చుకుంటే తమ ప్రార్థనకే మిగలదని వాళ్ల భయం. ఇది ఊహించుకున్న భయం కాదు. 2017లో వాళ్లే ఒక సంరక్షణ సంస్థ పెట్టుకుని దక్షిణ టెక్సస్‌లో 605 ఎకరాలు సంపాదించి, పెయోటీని కాపాడుకుంటున్నారు.

అందుకే మెస్కలిన్ పరిశోధన ఎలా జరగాలో నాకు రెండు విషయాలు గట్టిగా అనిపిస్తాయి. వాడే మెస్కలిన్ ప్రయోగశాలలో తయారైనదే కావాలి. స్పేత్ చూపించిన దారి 1919 నుంచి ఉంది, ఒక్క పెయోటీ తల కూడా కోయక్కర్లేదు. రెండోది, ఆరోగ్యవంతుల మీద బాసెల్‌లో చేసినంత జాగ్రత్తగా ఆందోళన రోగుల మీద ట్రయల్ చెయ్యాలి. ఒక గుంపుకి తక్కువ మోతాదు, ఒక గుంపుకి పూర్తి మోతాదు ఇచ్చి, ఏది అందిందని రోగి అనుకుంటున్నాడో అడిగి రాసుకోవాలి. మూడు నెలలకి ఆపకుండా ఏడాది తర్వాత కూడా చూడాలి. బాగుపడినవాళ్లతో పాటు పరిస్థితి దిగజారినవాళ్లనీ పేరు పేరునా లెక్కపెట్టాలి. పదకొండు గంటలు పక్కన కూర్చునే మనిషికి అయ్యే ఖర్చు కూడా ఆ లెక్కలో ఉండాలి. ఎందుకంటే ఐదు గంటల్లో ముగిసే సైలోసైబిన్ అదే ఫలితం ఇస్తే, ఏ ఆసుపత్రీ మెస్కలిన్‌ని ఎంచుకోదు.